రాహువు ఏ పీరియడ్‌లోకి రావాలి?

మేముండేది నెల్లూరు వేదాయపాళెంలో. 2025 సెప్టెంబర్ 7 ఆదివారం రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం పట్టింది కదా, ఆ రోజు పొద్దు గూకక ముందే మా అత్తమ్మ అందరి చేతా అన్నాలు తినిపించేసి, పెరుగు గిన్నెలో, మంచినీళ్ల బిందెలో, ఊరగాయ జాడీ మీద దర్భపోచలు వేసి కిటికీ తలుపులు మూసేసింది. తొమ్మిదో క్లాసు చదివే మా పాప మేడెక్కి చూస్తానని ఒకటే గోల. అవ్వ ఒప్పుకోలా. గ్రహణం కుంభరాశిలో, నీది కూడా అదే రాశి, నువ్వు అస్సలు చూడకూడదమ్మా అని చెప్పి పక్కన పడుకోబెట్టుకుంది.

సోమవారం స్కూల్లో సైన్స్ సారు రాత్రి గ్రహణం చూసినోళ్లు చేతులెత్తండి అన్నాడంట. సగం మంది ఎత్తారు. మా పాప లేచి ఉన్నదున్నట్టు చెప్పింది, సార్ మా అవ్వ చూడొద్దంది, రాహువు పడతాడంట అని. సారు నవ్వాడు, ఆయన నవ్వితే క్లాసంతా నవ్వింది, ఇంకా ఏ కాలంలో ఉన్నారమ్మా మీ ఇంట్లో అన్నాడంట. పిల్ల ఇంటికొచ్చి బ్యాగు విసిరేసి అవ్వతో రెండు రోజులు మాట్లాడలా. అవ్వకి ఏం జరిగిందో అర్థం కాక ఆమె కూడా సరిగా అన్నం తినలేదు.

అదే వారం మా ఎదురింటి బాబు చదివే ఇంకో స్కూల్లో దీనికి పూర్తి రివర్స్. అక్కడ సైన్స్ పీరియడ్‌లోనే టీచరు గ్రహణం టైములో చెడు కిరణాలు వస్తాయి, మన ఋషులు ముందే కనిపెట్టారు, దర్భ ఆ కిరణాల్ని ఆపుతుంది అని నోట్సు చెప్పిందంట. వాడు లేచి మన పుస్తకంలో అట్టా లేదు కదా మేడం అంటే, పెద్దోళ్లు చెప్పినదానికి ఎదురు ప్రశ్నలేంది అని కూర్చోబెట్టింది. వాళ్లింట్లో వాళ్లు చర్చికి పొయ్యే వాళ్లు, దాంతో ఆ తల్లి అడిగిన మాట, మా వాడు సైన్స్ నేర్చుకోవడానికి పొయ్యాడా ఇంకేదైనా నేర్చుకోవడానికి పొయ్యాడా అని.

ఈ రెండూ విన్నాక నాకు మనసు కుదుట పడలేదు. నేను లాయర్ని కాదు, సైంటిస్టునీ కాదు, బీఎస్సీ చదివి కొన్నేళ్లు ట్యూషన్లు చెప్పాను, అంతే. కానీ స్కూల్లో మతం ఉండాలా సైన్స్ ఉండాలా అని టీవీలో అరుచుకునే వాళ్లు ముగ్గురు మూడు వేర్వేరు గొడవల గురించి మాట్లాడతా అంతా ఒకటే గొడవ అనుకుంటున్నారని మాత్రం నాకు గట్టిగా అనిపిస్తుంది. బడిలో పిల్లల చేత ప్రార్థన చేయించొచ్చా అనేది ఒక గొడవ. మతాల గురించి పిల్లలకి చెప్పొచ్చా అనేది ఇంకోటి. సైన్స్ పీరియడ్‌లో ఏది చెప్పాలి అనేది మూడోది. మొదటిదానికి చట్టం జవాబు చెప్తుంది, రెండోదానికి కొంచెం చట్టం కొంచెం మంచి టీచరు, మూడోదానికి మాత్రం కోర్టులూ ఓట్లూ కాదు, సాక్ష్యమే జవాబు చెప్పాలి. ఈ మూడింటినీ కలిపేస్తే ఎవరికీ ఏదీ తేలదు.

ముందు చట్టం

రాజ్యాంగంలో 28వ అధికరణ చాలా చిన్నది, మూడు ముక్కలు. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే విద్యాసంస్థలో మతబోధన ఉండకూడదనేది మొదటి ముక్క. మన జిల్లా పరిషత్ హైస్కూళ్లు, మున్సిపల్ స్కూళ్లు దీని కిందికి వస్తాయి. రెండోది ఒక మినహాయింపు, మతబోధన ఉండాలనే షరతుతో ఏ ట్రస్టో దాతో పెట్టిన సంస్థని ప్రభుత్వం నడుపుతా ఉంటే దానికి మొదటి రూలు పట్టదు. మూడోదే మనలాంటి తల్లిదండ్రులకి పనికొచ్చేది, కానీ చాలామందికి తెలియదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూలైనా, ఎయిడ్ తీసుకునే స్కూలైనా, అక్కడ జరిగే మతబోధనలోనో ప్రార్థనలోనో పాల్గొనమని ఎవరినీ బలవంతం చెయ్యకూడదు, మైనర్ పిల్లలైతే తల్లిదండ్రులో సంరక్షకులో ఒప్పుకోవాలి.

ఇక్కడ గుర్తింపు అనే మాట దగ్గర ఆగండి. గుర్తింపు లేకుండా పదో తరగతి పరీక్షకి పిల్లల్ని పంపలేరు కాబట్టి మన ఊళ్లో వీధికొకటి ఉన్న ప్రైవేటు స్కూళ్లు కూడా ఈ మూడో ముక్క కిందికి వస్తాయి. ప్రైవేటు కదా, ఆయన స్కూలు ఆయనిష్టం అని మనం అనుకుంటాం, అది సగమే నిజం. స్కూలువాళ్లు పూజ పెట్టుకోవచ్చు, ప్రేయర్ పెట్టుకోవచ్చు, కానీ మీ పిల్ల కూర్చోవాలా వద్దా అనేది మీ ఇష్టం. పబ్లిక్ పరీక్షల ముందు హాల్‌టికెట్లు సరస్వతీదేవి పటం ముందు పెట్టి పూజ చేయించడం చాలా చోట్ల ఉన్నదే, వేరే మతం పిల్లలు కూడా వరసలో నిలబడతారు, వాళ్ల ఇంట్లో ఎవరైనా అడిగారా అంటే అడగరు. అట్టాగే మిషన్ స్కూల్లో పొద్దున బైబిల్ చదివేటప్పుడు హిందూ పిల్లలూ ముస్లిం పిల్లలూ తల వంచుకుని నిలబడతారు, అక్కడా అడగరు. ఎవరూ చెడు ఉద్దేశంతో చెయ్యరు, నాకు తెలుసు. కానీ అడిగితే పోయేదేముంది, ఏడాది మొదట్లో అడ్మిషన్ ఫారంలో ఒక లైను చాలు కదా.

మన జిల్లాల్లో దీనికి ఇంకో చరిత్ర ఉంది, దాన్ని పక్కన పెట్టి మాట్లాడితే అన్యాయం అవుతుంది. 19వ శతాబ్దంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో బళ్లు పెట్టారు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వే పని కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్న జనానికి కూలి ఇప్పించాడు. ఊరి బళ్లోకి రానివ్వని పిల్లలు, ముఖ్యంగా మాదిగ పిల్లలు, ఎంతోమంది మొదట పలక పట్టింది ఆ మిషన్ బళ్లలోనే, పలకతో పాటే ప్రార్థనా వచ్చింది. కాబట్టి బడిలోకి మతం రావడం అంటే ఎప్పుడూ చీకటే అని చెప్పే వాళ్లతో నేను ఏకీభవించలేను, కొందరికి ఆ తలుపు అట్టాగే తెరుచుకుంది. మైనారిటీలు తమ సంస్థలు తాము పెట్టుకుని నడుపుకునే హక్కు 30వ అధికరణలో ఉంది, దానికీ పిల్లల ఒప్పుదల రూలుకీ తగాదా లేదు, రెండూ ఒకే రాజ్యాంగంలో పక్కపక్కనే ఉన్నాయి.

మతబోధన అంటే ఏంది, ప్రార్థన అంటే ఏంది అనే చోట మాత్రం ఇంకా చిక్కు ఉంది. కేంద్రీయ విద్యాలయాల్లో పొద్దున చదివించే అసతోమా సద్గమయ ప్రార్థన మీద ఒకాయన కోర్టుకి పోతే, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల బెంచి ఇది రాజ్యాంగ ధర్మాసనం చూడాల్సిన విషయం అంది. చీకటి నుంచి వెలుగులోకి నడిపించమని అడగడం ఒక మతం ప్రార్థనా, లేక ఎవరైనా అడగదగ్గ మాటా? మా ఇంట్లోనే దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి.

నమ్మమని చెప్పడం వేరు, గురించి చెప్పడం వేరు

రెండో గొడవ దీనికన్నా తేలిక, కానీ మనం దీన్నే ఎక్కువ కష్టం చేసుకున్నాం. 1971లో పంజాబ్ డీఏవీ కాలేజీ కేసులో గురునానక్ జీవితం, బోధనల మీద యూనివర్సిటీలో చదువు పెట్టడం మతబోధన కిందికి రాదని సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో అరుణా రాయ్ కేసులో కూడా స్కూలు పాఠాల్లో అన్ని మతాల గురించి చెప్పడం 28వ అధికరణకి విరుద్ధం కాదంది. అంటే లైను ఎక్కడంటే, ఫలానా మతం ప్రకారం నువ్వు నడుచుకో అనడం బోధన, ఫలానా మతం వాళ్లు ఇట్టా నమ్ముతారు, ఇట్టా చేస్తారు అనడం చదువు.

మన ఊరి ఉదాహరణే చెప్తా. మొహర్రం అప్పుడు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో రొట్టెల పండగ జరుగుతుంది. పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, చదువు రొట్టె, సంతానం రొట్టె, ఈ మధ్య వీసా రొట్టె కూడా. కోరిక తీరినోళ్లు తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నోళ్లు చెరువులో నిలబడి తీసుకుంటారు, అందులో హిందువులెంతమందో ముస్లింలెంతమందో లెక్క కట్టలేం. సోషల్ సారు పిల్లల్ని మీ ఇంట్లో ఎవరైనా రొట్టె తీసుకున్నారా, ఎందుకు తీసుకున్నారు, పక్కన ఎవరున్నారు అని అడిగి రాయించుకు రమ్మంటే అంతకంటే మంచి పాఠం ఉండదు. ఆ పాఠంలో రొట్టె తింటే ఉద్యోగం వస్తుంది అని సారు చెప్పక్కర్లా, రాదు అని కూడా చెప్పక్కర్లా. అది ఆ పీరియడ్ ప్రశ్న కాదు. మనుషులు ఎందుకు ఆశ పెట్టుకుంటారు, ఒకళ్ల ఆశ ఇంకొకళ్ల చేతి నుంచి ఎట్టా తీసుకుంటారు, అదీ ప్రశ్న.

రాహువు కథ కూడా అంతే. పాల సముద్రం చిలికినప్పుడు దేవతల వరసలో దొంగతనంగా కూర్చుని అమృతం తాగడం, సూర్యచంద్రులు చూసి చెప్పడం, చక్రంతో తల తెగిపోయినా చావకపోవడం, ఆ పగతో వాళ్లని పట్టుకోవడం, ఎంత బ్రహ్మాండమైన కథ అది. తెలుగు పీరియడ్‌లో ఆ కథ చెప్పని టీచరు ఉంటే ఆ పిల్లలకి నష్టమే. అది సైన్స్ పీరియడ్‌లోకి వచ్చి కూర్చున్నప్పుడే తకరారు.

సిద్ధాంతం అనే మాటతో వచ్చిన తంటా

మూడో గొడవలో సగం మాటల వల్ల వచ్చిందే. పరిణామ సిద్ధాంతం, సాపేక్ష సిద్ధాంతం అని పుస్తకాల్లో రాస్తాం. అదే తెలుగులో ముహూర్తం పెట్టే ఆయన్ని సిద్ధాంతి గారు అంటాం. వినే పిల్లవాడికి ఇద్దరూ ఒకే సరుకు అమ్ముతున్నట్టు ఉంటుంది, డార్విన్ ఒక సిద్ధాంతం చెప్పాడు, మన సిద్ధాంతి గారు ఇంకోటి చెప్పాడు, నీకు నచ్చింది తీసుకో అని. సైన్స్‌లో ఆ మాటకి అర్థం అది కాదు. ముందు ఒక ఊహ ఉంటుంది, దాన్ని పరికల్పన అంటారు. అది తప్పని తేల్చడానికి వీలైనన్ని పరీక్షలు పెట్టి, వేర్వేరు వైపుల నుంచి వచ్చిన సాక్ష్యాలన్నీ దానికే కలిసొచ్చి, కొత్త విషయాల్ని ముందుగా చెప్పగలిగినప్పుడు, ఆ మొత్తం వివరణని సిద్ధాంతం అంటారు. రేపు అంతకంటే గట్టి సాక్ష్యం దొరికితే మార్చుకుంటారు. మార్చుకుంటారు కాబట్టి బలహీనం అనుకోవడం మన పొరపాటు, మార్చుకునే గుణమే దాని బలం.

2018లో అప్పటి కేంద్ర విద్యాశాఖ సహాయమంత్రి సత్యపాల్ సింగ్ డార్విన్ సిద్ధాంతం తప్పు, కోతి మనిషి కావడం ఎవరూ చూడలేదు, పుస్తకాలు మార్చాలి అన్నాడు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలూ కలిసి దాన్ని ఖండించాయి. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలో అనువంశికత, పరిణామం అనే పాఠంలోంచి పరిణామం భాగాన్ని తీసేసింది. కోవిడ్ తర్వాత పిల్లల మీద భారం తగ్గించడానికే, పన్నెండో తరగతి బయాలజీలో ఉంది కదా అన్నారు. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు అది వెనక్కి పెట్టమని బహిరంగ లేఖ రాశారు. కారణం భారమే అయ్యుండొచ్చు, కానీ ఫలితం చూడండి. మన దగ్గర పది అయిపోగానే పిల్లలు గుంపులు గుంపులుగా ఎంపీసీలోకి పోతారు, కొందరు సీఈసీలోకి. వాళ్లకి ఇంక జీవితంలో ఏ పాఠంలోనూ పరిణామం ఎదురు పడదు. బైపీసీ పిల్లలకి మాత్రమే తెలియాల్సిన విషయమా అది?

కోతి నుంచి మనిషి పుట్టాడని డార్విన్ చెప్పలేదు, మనకీ ఇప్పటి కోతులకీ ఎప్పుడో లక్షల తరాల కింద ఒకే పూర్వీకులున్నారు, అక్కడి నుంచి కొమ్మలు చీలాయి అనేది విషయం. దీన్ని చూపించడానికి విదేశీ పక్షుల బొమ్మలు అక్కర్లా, ఒంగోలు గిత్త చాలు. ఆ జాతి పశువుల్ని 19వ శతాబ్దం నుంచి బ్రెజిల్ తీసుకుపొయ్యారు, అక్కడ ఆ జాతి పేరు నెలోర్, మన నెల్లూరు పేరే. ఇక్కడ మన రైతులు తరతరాలుగా దుక్కి దున్నేది, బండ లాగేది, మంచి కట్టు ఉన్నది చూసి సంతతి కట్టించారు. అక్కడ వాళ్లు మాంసం కోసం, త్వరగా బరువు పెరిగేది చూసి ఎంచుకున్నారు. ఒకే మూలం నుంచి పోయిన మందలు ఎంచుకునే చెయ్యిని బట్టి వేరే దారి పట్టాయి. డార్విన్ కూడా 1859 నాటి తన పుస్తకాన్ని ఇట్టాంటి దానితోనే, పావురాలు పెంచే వాళ్ల ఎంపికతోనే మొదలు పెట్టాడు. మనిషి ఎంచుకుంటే ఇన్ని తరాల్లో ఇంత మారితే, ఎండా వానా ఆకలీ రోగమూ కోట్ల ఏళ్లు ఎంచుకుంటా పోతే ఎంత మారుతుంది అనేదే ఆయన అడిగిన ప్రశ్న.

మా మరిది ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలు లీజుకి చేస్తాడు. పరిణామం గిరిణామం మనకెందుకొదినా, పిల్లలకి లెక్కలు వస్తే చాలు అంటాడు. అదే మనిషి పోయిన పంటలో పనిచేసిన మందు ఈ పంటలో పని చెయ్యట్లేదని తల పట్టుకుంటాడు. అడ్డగోలుగా యాంటీబయాటిక్ పోస్తే లొంగే బ్యాక్టీరియా చచ్చి లొంగనివి మిగిలి, వాటి సంతానమే గుంటంతా నిండుతుంది. పదో తరగతి పుస్తకంలోంచి పోయిన పాఠం ఆయన గుంటలో రోజూ జరుగుతానే ఉంది.

అమెరికాలో ఈ గొడవ ఎప్పట్నుంచో ఉంది. 1925లో టెనెసీ రాష్ట్రంలో పరిణామం చెప్పాడని స్కోప్స్ అనే టీచరుకి వంద డాలర్లు జరిమానా వేశారు. 1987లో అక్కడి సుప్రీంకోర్టు బైబిల్ సృష్టివాదాన్ని సైన్స్ పేరుతో బడిలో చెప్పించే లూసియానా చట్టాన్ని కొట్టేసింది. 2005లో డోవర్ అనే ఊళ్లో దాన్నే తెలివైన రూపకల్పన అని పేరు మార్చి తెస్తే అది కూడా సైన్స్ కాదని జడ్జి తేల్చాడు. అక్కడి వాదం ఒక గ్రంథంలో ఉన్న ఒక సృష్టి కథ చుట్టూ తిరుగుతుంది. మనకి సృష్టి కథలు ఒకటి కాదు, కాబట్టి మన దగ్గర అదే గొడవ అదే రూపంలో రాదు.

మన దగ్గర వచ్చే రూపం వేరే, సైన్స్ తప్పు అని ఎవరూ అనరు, సైన్స్ అంతా మన దగ్గర ముందే ఉంది అంటారు. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో అప్పటి ఆంధ్రా యూనివర్సిటీ వీసీ గారు కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బేబీలు అని, రావణుడికి 24 రకాల విమానాలు ఉండేవని, డార్విన్ కంటే ముందే దశావతారాలు వచ్చాయని పిల్లల ముందు మాట్లాడారు. నాకు బాధేసింది. దశావతారాల్లో చేప, తాబేలు, పంది, నరసింహుడు అనే వరస చూస్తే ముచ్చటేస్తుంది, నేను కూడా చిన్నప్పుడు అట్టాగే గుర్తు పెట్టుకున్నా. కానీ కథలో వరస సాక్ష్యం కాదు, పైగా పరిణామం మనిషి దగ్గరికి చేరడం కోసం ఎక్కే మెట్లవరస కాదు. దానికంటే పెద్ద నష్టం ఇంకోటి జరుగుతుంది, లేని గొప్పలు చెప్పే సందట్లో ఉన్న గొప్ప పిల్లలకి తెలియకుండా పోతుంది.

ఉన్న గొప్ప ఏందంటే, 499లోనే ఆర్యభట గ్రహణం సంగతి తేటగా రాసిపెట్టాడు, చంద్రుడు సూర్యుణ్ణి కప్పుతాడు, భూమి పెద్ద నీడ చంద్రుణ్ణి కప్పుతుంది అని. రాహువు పేరు లేదు, నీడ పేరు ఉంది. అంటే మా పాప క్లాసులో నవ్వులపాలైన ఆ గొడవ ఇంగ్లీషు చదువుకీ మన సంప్రదాయానికీ మధ్య కానే కాదు, మన సంప్రదాయం లోపలే ఈ మాట 1,500 ఏళ్ల కింద నడిచింది.

ఇంకోటి కూడా ఉంది. పండగ ఒకటైతే రెండు రోజులు వస్తుంది కొన్నేళ్లు, ఈ పంచాంగంలో ఇవాళ ఆ పంచాంగంలో రేపు, సిద్ధాంతులు టీవీలో వాదించుకుంటారు. మనం విసుక్కుంటాం కానీ ఆ వాదన విలువైంది. పాత సూత్రాలతోనే గుణించేది పూర్వ పద్ధతి, ఆకాశంలో కనిపించే దానితో సరిచూసుకుని దిద్దుకునేది దృక్ పద్ధతి. దృక్ అంటేనే చూపు. మేఘనాథ్ సాహా లాంటి భౌతికశాస్త్రవేత్త అధ్యక్షుడిగా 1952లో ప్రభుత్వం పంచాంగాల సంస్కరణకి కమిటీ వేసింది కూడా లెక్కలు ఆకాశంతో కలవట్లేదనే. పుస్తకంలో ఉన్న లెక్కని కంటికి కనిపించే దానితో పోల్చి చూసి, కలవకపోతే పుస్తకాన్ని దిద్దుకోవడం, ఇది సైన్స్ పీరియడ్‌లో పిల్లలకి నేర్పాల్సిన మొదటి విషయం, అది మన పంచాంగం గదిలోనే ఉంది.

రాకెట్టుకి పూజ చేస్తారు కదా సార్?

ఈ ప్రశ్న మన వైపు ప్రతి క్లాసులోనూ ఎవడో ఒకడు అడుగుతాడు, ఎందుకంటే షార్, అదే శ్రీహరికోట రాకెట్ కేంద్రం, మనకి అంత దగ్గర. మబ్బు లేకపోతే మా మేడ మీద నుంచే నిప్పుగీత కనిపిస్తుంది. 2023 జూలైలో చంద్రయాన్-3కి ముందు శాస్త్రవేత్తలు చిన్న నమూనా పట్టుకుని తిరుమల పొయ్యారు, అప్పటి ఇస్రో చైర్మన్ సోమనాథ్ గారు సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి పొయ్యారు. చూశారా అంత పెద్ద సైంటిస్టులే అని ఒకళ్లంటారు, సైంటిస్టులై ఉండి ఇదేం పని అని ఇంకొకళ్లంటారు. నాకు ఇద్దరూ ఒకే తప్పు చేస్తున్నట్టు ఉంటుంది.

ఎన్నో ఏళ్ల కష్టం ఒక పొద్దున నిప్పు మీద నిలబడినప్పుడు మనిషికి గుండె దడదడలాడుతుంది, అమ్మ దగ్గరికి పొయ్యి దండం పెట్టుకుంటాడు. అది ఆ మనిషి ధైర్యం కోసం. రాకెట్టు మాత్రం ఇంధనం, పీడనం, వాల్వుల లెక్కతో పోతుంది. 2021 ఆగస్టు 12న జీఎస్‌ఎల్‌వీ ఎఫ్-10 ఫెయిలైతే కమిటీ కూర్చుని డేటా అంతా తిరగేసి, ఒక వాల్వు లీకై హైడ్రోజన్ ట్యాంకులో పీడనం తగ్గింది, అందుకే క్రయోజెనిక్ ఇంజను అందుకోలేదు అని తేల్చింది. దండం పెట్టుకునే ఆ చేతులే ఫెయిలైనప్పుడు కారణం కోసం వాల్వు విప్పి చూస్తాయి. పిల్లలకి ఈ రెండో సగం ఎవరూ చెప్పరు, గుడి ఫోటో పేపర్లో పెద్దగా వస్తుంది, వాల్వు సంగతి లోపలి పేజీలో చిన్నగా వస్తుంది.

ఇదంతా మాటల గొడవే కదా, ఎవరి నమ్మకం వాళ్లది, వదిలెయ్యొచ్చు కదా అని మా ఆయన అంటాడు. కొన్ని చోట్ల వదిలెయ్యొచ్చు. దర్భపోచ పెరుగులో వేస్తే ఎవరికీ నష్టం లేదు. కానీ పుట్టుకతో పైపెదవి చీలి ఉంటే దాన్ని మన తెలుగులో ఏమంటారో గుర్తు చేసుకోండి, గ్రహణం మొర్రి. ఆ బిడ్డ తల్లి కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసింది, కత్తిపీట పట్టుకుంది అని పేరులోనే నేరం మోపేశాం. పెదవి తయారయ్యేది గర్భం నాలుగు నుంచి ఏడు వారాల మధ్య, చాలామంది ఆడోళ్లకి కడుపుతో ఉన్నామని అప్పటికింకా సరిగా తెలియను కూడా తెలియదు. జన్యువులు, పొగ, షుగరు జబ్బు, కొన్ని రకాల మందులు, ఇట్టాంటివి కలిసి కారణమౌతాయి. ప్రపంచంలో సుమారు 700 కాన్పుల్లో ఒకరికి వస్తుంది, గ్రహణం ఉన్న ఏడాదీ వస్తుంది, లేని ఊళ్లోనూ వస్తుంది. ఆపరేషన్ చేస్తే సరిపోతుంది. నేను ట్యూషన్ చెప్పేటప్పుడు అట్టాంటి బాబు ఒకడు వచ్చేవాడు, వాళ్లమ్మ ఏ ఫంక్షన్‌కీ వచ్చేది కాదు, వచ్చినా పక్కకి నిలబడేది. సైన్స్ పీరియడ్‌లో ఆ ఒక్క పాఠం సరిగా చెప్పి ఉంటే క్లాసులో నలభై మంది ఇళ్లకి పొయ్యి చెప్పేవాళ్లు, ఆమె తల ఎత్తుకుని తిరిగేది.

నా పుట్టిల్లు కనిగిరి వైపు. మా ఊళ్లో పళ్లు పచ్చబడ్డ పిల్లలు, నలభై ఏళ్లకే నడుం వంగిన పెద్దోళ్లు ఇంటికొకరు. మా నాయనమ్మ తరం వాళ్లు కర్మ అనేవాళ్లు, పోయిన జన్మలో ఏం చేశామో అని. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదటి రిపోర్టు వచ్చింది మన దగ్గర నుంచే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచి. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేవి, 1970లో కదా ఒంగోలు జిల్లా ఏర్పడింది. డాక్టర్ల కంటే ముందు రైతులే ఎద్దుల కాళ్లు బిగుసుకుపోవడం గమనించారని చెప్తారు, వేరే ఊరికి తోలుకుపోతే కొన్ని తేరుకునేవంట. ఇదే ప్రయోగం అంటే, నీళ్లు మార్చి చూడటం. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ఇప్పుడు లెక్క ఉంది, బోరు నీళ్లు పరీక్ష చేయించుకోవచ్చు. కర్మ అనుకున్నంత కాలం ఎవరూ నీళ్లు పరీక్ష చెయ్యలేదు. అయితే మా నాయనమ్మ పొద్దున్నే లేవలేక గోడ పట్టుకుని నిలబడి రామా అనుకున్నప్పుడు ఆమెని ఆ పూటకి నిలబెట్టింది ఆ మాటే, దాన్ని నేను తీసెయ్యలేను. దేని వల్ల వచ్చింది అనే ప్రశ్నకి నీళ్లు పరీక్ష చేసి జవాబు చెప్పాలి, దీంతో ఎట్టా బతకాలి అనే ప్రశ్నకి ఆమె జవాబు ఆమె వెతుక్కుంది.

పాప స్కూలుకి పొయ్యి నేను సారుతో మాట్లాడా. గొడవకి పోలేదు. మీరు చెప్పింది సైన్స్‌గా కరెక్టే సార్, మా ఇంట్లో కూడా అదే చెప్తా, కానీ నవ్వడంతో మా పాపకి నీడ సంగతి గుర్తులేదు, నవ్వు మాత్రమే గుర్తుంది అన్నా. ఆయన కాసేపు ఏం మాట్లాడలా. తర్వాత, సిలబస్ అవగొట్టే తొందరలో అట్టా అనేశానమ్మా, మీ అవ్వ ఎందుకు అట్టా అనుకుందో కనుక్కుని రా అని ఉంటే సరిపోయేది అన్నాడు. మంచి మనిషి. 1976 రాజ్యాంగ సవరణలో 51ఎ అధికరణ వచ్చింది, శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి బాధ్యత అని అందులో ఉందని మనందరం చెప్తాం, అదే వాక్యంలో మానవత్వం, తెలుసుకోవాలనే తపన కూడా పక్కనే రాసి ఉన్నాయని చాలామంది మర్చిపోతారు.

సారు తర్వాత క్లాసులో బంతి, టార్చిలైటు, నిమ్మకాయ పెట్టి నీడ చూపించాడు. పాప ఇంటికొచ్చి అవ్వకి అదే చేసి చూపించింది, దేవుడి గూట్లో నిమ్మకాయ తీసుకుని. అవ్వ చూసింది, నీడేలే నాకు తెలుసులే అంది. తర్వాత బీరువాలోంచి విశ్వావసు పంచాంగం తీసి, కళ్లజోడు పెట్టుకుని, వచ్చే మార్చి 3న ఇంకో చంద్రగ్రహణం ఉంది చూడు అని చూపించింది. అది గ్రస్తోదయం అంట, అంటే చంద్రుడు లేచేటప్పటికే గ్రహణం పట్టి ఉంటాడు. పాప ఫోన్లో వెతికితే విడిచే టైము సాయంత్రం 6:47 అని ఉంది, పంచాంగంలో ఉన్న టైముతో కలిసింది. ఇద్దరూ కలిసి ఆ టైము క్యాలెండర్ మీద రాశారు. అప్పుడు మేడెక్కనిస్తావా అని పాప అడిగితే అవ్వ కాసేపు ఆలోచించి, నేను రాను, నువ్వు పొయ్యి చూసి ఎట్టుందో నాకు చెప్పు అంది.